అమ్మమ్మ ఏ పేజీలో ఉంది? (పల్లె పాఠాలు – 11)

పోయిన వారం డిగ్రీ తెలుగు సిలబస్ గురించి రాసినప్పుడు, తర్వాతి భాగం పరిశోధనల మీద రాస్తానని మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. నెల రోజులుగా నా బుర్రలో తిరుగుతున్నవి పరిశోధనలు కాదు, బొమ్మల పుస్తకాలు. నాలుగైదేళ్ళ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివి వినిపించే పుస్తకాలు. నవ్వేవాళ్ళు నవ్వండి. ఉద్యమం గురించి రాయాల్సిన మనిషి కాకమ్మ కథలు రాస్తోందనుకునేవాళ్ళు అనుకోండి. నా మటుకు నాకు ఇది కూడా ఉద్యమం సంగతే. కాదంటే పోట్లాడండి, నేను రెడీ.

మా పాపకు ఐదో ఏడు నడుస్తోంది. రాత్రి అన్నాలయ్యాక మంచం మీద ముగ్గురం చేరతాం. నేను, పాప, మా అమ్మ. నేను చదువుతాను. పాప బొమ్మలు చూస్తుంది. అమ్మ మా ఇద్దరినీ చూస్తుంది. అమ్మకు చదువు రాదు, సంతకం వచ్చు. ఆ సంతకం కూడా డ్వాక్రా గ్రూపు పుణ్యం. నాకు డాక్టరేట్ వచ్చిన రోజు నా థీసిస్ చేతిలోకి తీసుకుని, మొదట్నించి చివరిదాకా తిప్పి, "ఇంత లావు పుస్తకంలో ఒక్క బొమ్మన్నా లేదేందే" అంది. మా ఇంట్లో బొమ్మల పుస్తకానికున్న మర్యాద ఆ థీసిస్‌కు ఇప్పటికీ లేదు.

ఈ మధ్య ఆ మంచం మీద ఎక్కువసార్లు తెరుచుకుంటున్నది ఒక అమెరికా పుస్తకం. ఎజ్రా జాక్ కీట్స్ అనే ఆయన 1962లో రాసి, బొమ్మలు కూడా తానే వేసిన 'ది స్నోయీ డే'. అక్కడ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చిచ్చింది. కథ ఏమంత లేదు. పీటర్ అనే పిల్లాడు పొద్దున్నే లేచి కిటికీలోంచి చూస్తే ఊరంతా మంచు. తల మీదినుంచి కాళ్ళదాకా ఎర్రటి బట్టలు తొడుక్కుని బయటికెళ్తాడు. కాలివేళ్ళు బయటికి తిప్పి నడుస్తాడు, లోపలికి తిప్పి నడుస్తాడు. చెట్టును కర్రతో కొడితే మంచు దబ్బున నెత్తిన పడుతుంది. ఒక మంచు ఉండ చేసి, రేపటికని జేబులో దాచుకుని ఇంటికొస్తాడు. పడుకునే ముందు జేబు తడుముకుంటే ఉండ లేదు. తెల్లారి లేస్తే మళ్ళీ కొత్త మంచు కురుస్తుంటుంది. అంతే. పీటర్ నల్లపిల్లాడు. ఆ మాట పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు, బొమ్మలో ఉంటుంది.

నేను ఇంగ్లీషు చూస్తూ మా మాటలో చెప్పుకుంటూ పోతాను. మొదటిరోజు మంచు అంటే ఏమిటో చెప్పలేక, ఫ్రిజ్జులో ఐసనీ, ఐసుఫ్రూటు బండనీ నేను తంటాలు పడుతుంటే, మా అమ్మ వంగి బొమ్మ చూసి, "ఉప్పుమళ్ళేగా!" అంది.

మా అమ్మ చినగంజాం ఉప్పుమళ్ళలో ఏళ్ళ తరబడి కూలికెళ్ళిన మనిషి. ఎండలు ముదిరాక, తెల్లగా పేరిన ఉప్పును గీకి కుప్పలు పోయడం, తట్టకెత్తుకుని గట్టుకు చేర్చడం. పీటర్ అడుగుల బొమ్మ మీద వేలు పెట్టి, "మేం నడిచినా ఇట్నే పడేయి అడుగులు. కాకపోతే మాకు మడమలు పగిలి నెత్తురొచ్చేది. ఆ పగుళ్ళలో ఉప్పు దిగేది" అని పాపకు చెప్పింది. తర్వాత, ఇంటికొచ్చిన పీటర్ కాళ్ళకున్న తడి మేజోళ్ళు వాళ్ళమ్మ విప్పే చోట ఆగింది. కాసేపు చూసి, "ఈమె మంచిది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ రాత్రి నుంచి మా పాపకు అది 'ఉప్పు పుస్తకం'. పడుకునే ముందు "ఉప్పు పుస్తకం చదువు" అంటుంది.

తెలుగు పుస్తకాలు నేను బస్తాడు కొన్నాను. వాటిల్లో ఒక్కదాంట్లోకి కూడా మా అమ్మ ఇట్లా నడిచి వెళ్ళిపోలేదు. వేల మైళ్ళ అవతల మంచుదేశంలోని నల్లపిల్లాడి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఇదేంటి అని నేను ఆలోచనలో పడ్డది అప్పుడే.

ఆ పుస్తకం వెనక సంగతి కూడా మనకు పనికొచ్చేదే. కీట్స్ నల్లమనిషి కాదు. పోలండ్ నుంచి వలసొచ్చిన పేద యూదుల బిడ్డ, బ్రూక్లిన్‌లో పెరిగాడు. 1940లో 'లైఫ్' పత్రికలో వచ్చిన ఒక నల్లపిల్లాడి ఫొటోలు కత్తిరించి దాచుకున్నాడు. ఇతరులు రాసిన పుస్తకాలకు ఏళ్ళ తరబడి బొమ్మలేశాడు గానీ, ఆ పిల్లాడిలాంటివాడు వాటిల్లో ఎక్కడా తగల్లేదు. ఇరవై ఏళ్ళు దాటాక తన పుస్తకం తాను చేసుకునే అవకాశం వచ్చినప్పుడు ఆ పిల్లాణ్ణే కథానాయకుణ్ణి చేశాడు. 1963లో దానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది. బొమ్మల పుస్తకాలకు అమెరికాలో అదే పెద్ద గౌరవం.

గౌరవంతో పాటు తిట్లూ వచ్చాయి. 1965లో నాన్సీ లారిక్ అనే ఆవిడ, అమెరికా పిల్లల పుస్తకాల లోకం మొత్తం తెల్లదేనని ఒక పెద్ద వ్యాసం రాసింది. న్యూయార్క్‌లో ఒక ఐదేళ్ళ నల్లపిల్ల బొమ్మల పుస్తకం తిరగేస్తూ, ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగిందట. ఆ ప్రశ్నతోనే వ్యాసం మొదలవుతుంది. 1962 నుంచి మూడేళ్ళలో అచ్చయిన ఐదు వేలకు పైగా పిల్లల పుస్తకాల లెక్క తీస్తే, నల్లవాళ్ళు కనీసం ఒక్క బొమ్మలోనో వాక్యంలోనో కనిపించినవి నూటికి ఏడు కూడా లేవు. అదే వ్యాసంలో ఆవిడ 'స్నోయీ డే'ని కూడా వదల్లేదు. పీటర్ తల్లిని భారీ మనిషిగా, కొట్టొచ్చినట్టుండే పసుప్పచ్చ గళ్ళ గౌనులో వేశారని తప్పుపట్టింది. తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసే లావుపాటి నల్ల ఆయా బొమ్మను అమెరికా ఎంత ఎగతాళిగా వాడుకుందో తెలిస్తే ఆ విమర్శ అర్థమవుతుంది. నేను ఒప్పుకుంటాను. కానీ మా అమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది ఆ తల్లికే. మా అమ్మ కళ్ళు మేజోళ్ళు విప్పే చేతుల దగ్గరే ఆగాయి. ఈ రెండు చూపుల్లో ఏది ఒప్పంటే, నాకు రెండూ కావాలి.

మన తెలుగులో అట్లాంటి లెక్క తీయాలి. పిల్లల పుస్తకాలు ఒక వెయ్యి తీసుకుని, ఎన్నింట్లో పల్లె ఉంది, గూడెం ఉంది, తండా ఉంది, ఎన్నింట్లో పిల్లలు నల్లగా ఉన్నారు అని లెక్కబెట్టాలి. పీహెచ్‌డీకి అంశం దొరకడం లేదని నా దగ్గరికొచ్చే పిల్లలూ, ఇదిగో అంశం, తీసుకోండి.

అదే 1962లో క్రేయోలా కంపెనీ తన రంగుల పెట్టెలో ఒక రంగు పేరు మార్చింది. అప్పటిదాకా లేత గులాబీ రంగు క్రేయాన్‌ను 'ఫ్లెష్' అనేవాళ్ళు, అంటే ఒంటి రంగు. దాన్ని 'పీచ్' అన్నారు. అరవై ఏళ్ళు దాటింది. మా పాప బడిలో ఇప్పటికీ దాని పేరు 'స్కిన్ కలర్'. మొన్న వాళ్ళ అమ్మమ్మ బొమ్మ వేసి, స్కిన్ కలర్ అరిగిపోయేదాకా రుద్ది తెచ్చింది. మా అమ్మ చూసుకుని, "ఎవురే ఈ దొరసాని?" అంది.

మన పిల్లల మొట్టమొదటి బొమ్మల పుస్తకం కథల పుస్తకం కాదు, అక్షరాల చార్టు. అ అమ్మ, ఆ ఆవు, ఇ ఇల్లు. ఆ అమ్మ రంగేంటో, ఆ ఇల్లు ఎవరిదో ఒకసారి చూడండి. తర్వాత ఋ. ఋ అంటే ఋషి. గడ్డం, జడలు, కమండలం. తర్వాత య. య అంటే యజ్ఞం. గుండం, మంట, చుట్టూ పిలకలవాళ్ళు. మా పాప ఆ బొమ్మ చూసి "వంట చేస్తన్నారా?" అంది. పిల్లల మధ్యకు కులం ఎందుకు తెస్తారని నన్ను మందలించే పెద్దమనుషులకు నాదొక మనవి. నేను తేలేదండీ. నేను వచ్చేసరికే చార్టు మీద నెయ్యి పోస్తూ కూర్చుని ఉంది.

ఋ తో ఋతువు ఉంది. ఋణమూ ఉంది. ఋణం అంటే ఏంటో మన పల్లెలో పుట్టిన ఏ పిల్లకైనా ఋషి కన్నా ముందే తెలుస్తుంది. య తో యంత్రం ఉంది. డ దగ్గర నేను చూసిన చార్టుల్లో డబ్బా ఉంటుంది. ఖాళీ డబ్బా వేస్తారు గానీ డప్పు వేయరు. చ దగ్గర చిలక వేస్తారు, చెప్పు వేయరు. కంచ ఐలయ్య గారు 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో, బడి పుస్తకాల్లోని కాళిదాసు తనకు షేక్‌స్పియర్ అంత పరాయివాడేనని రాశారు. ఆయన కాళిదాసు దాకా వెళ్ళారు. గొడవ ఋ దగ్గరే మొదలైంది.

నా చిన్నప్పటి సంగతీ చెప్పాలి. నేను చూసిన మొదటి రంగుల బొమ్మలు సండే స్కూలువి. మాది ఒంగోలు వైపు పల్లె. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర ఈ ప్రాంతానిది. అందులో ఎక్కువమంది మాదిగలే. కాబట్టి మా పల్లెకు బడి కన్నా ముందు బొమ్మ వచ్చింది. యేసుప్రభువు నీలిరంగు కళ్ళతో, ఒళ్ళో బంగారు జుట్టు పిల్లలతో ఉండేవాడు. ఆ పిల్లల్లో మేం లేమని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నన్ను చాప మీద కూర్చోబెట్టి, బొమ్మ చూపించి, గొంతు మార్చి మార్చి కథ చెప్పిన మొదటి మనిషి ఆ సండే స్కూలు టీచరమ్మే. గొల్యాతు మాట్లాడేటప్పుడు ఆమె గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది. ఎవరో ఒకరు మనకోసం కూర్చుని పైకి చదివారన్న జ్ఞాపకం ఉన్న పిల్ల పుస్తకానికి భయపడదు. నేను డాక్టరేట్ దాకా రావడానికి మొదటి మెట్టు ఆ చాప.

రెండో మెట్టు మాస్కో పుస్తకాలు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను తిరిగిన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు వాటి వాసన కూడా తెలుసు. 1991 తర్వాత అవి రావడం ఆగిపోయింది. నాకు దక్కినవి మా మేనమామ అటక మీదివి. ఎలుగుబంట్లు, మంచు, పొయ్యి మీద పడుకునే ముసలమ్మలు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళు అందులో కొన్నింటిని మళ్ళీ తక్కువ ధరకు వేశారు. పాపకు కొన్నాను, ఇష్టంగానే వింటుంది.

ఇక పాప అసలు పిచ్చి 'యాన్యువల్ హెయిర్‌కట్ డే'. ప్రథమ్ బుక్స్ పుస్తకం. 2015 నుంచి వాళ్ళు స్టోరీవీవర్‌లో బొమ్మల కథల్ని ఉచితంగా పెడుతున్నారు, తెలుగులో కూడా బోలెడున్నాయి. ఫోనున్న ఏ అక్కైనా, ఏ అంగన్‌వాడీ టీచరైనా చదివి వినిపించొచ్చు. శృంగేరి శ్రీనివాస్ అనే ఆయనకు బారెడు జుట్టు. ఏడాదికొకసారి కత్తిరించుకునే రోజు వస్తుంది. మంగలి దగ్గరికి పోతే ఇవాళ తీరిక లేదంటాడు. అక్కణ్ణుంచి ఎవరి దగ్గరికి పోయినా అదే మాట. నేను "తీరిక లేదు" అనే చోట ఆగితే చాలు, పాప మంచమంతా దొర్లి నవ్వుతుంది.

నేను నవ్వుతూనే ఒక చోట గుటక మింగుతాను. మంగలి తీరిక లేదనగలగడం ఎంత గొప్ప సంగతి! ఏ ఊళ్ళో ఏ మంగలికి ఆ మాట అనే హక్కుండేది, మోతుబరి మనిషిని పంపితే? ఇంకోపక్క, మా పల్లెవాళ్ళకు తీరికున్నా చేసేవాళ్ళు కాదు. మా తాత జుట్టు మా చినతాత వేపచెట్టు కింద కత్తిరించేవాడు, చినతాతది మా తాత. ఈ పుస్తకం రాసినవాళ్ళకు ఆ ఉద్దేశం ఏమీ లేదు, ఉండక్కర్లేదు కూడా. పాపకు నేను ఇవేవీ చెప్పలేదు. ముందు ఆ మంచం మీద దొర్లి నవ్వాలి. మంగలి తీరిక లేదనగలిగిన లోకమే మామూలు లోకమని ఒక రెండేళ్ళు నమ్మనీ.

ఇక్కడ కొందరు మిత్రులు నాతో విభేదిస్తారని తెలుసు. "పై కులాలవాళ్ళు ఐదేళ్ళకే గర్వం నేర్పుతారు, మనం నిజం చెప్పడానికి ఎందుకు ఆగాలి?" అంటారు. గర్వం నేర్పడంలో నేనూ ఆగను. గాయం చూపించడంలో ఆగుతాను. మన పిల్లల కోసం వచ్చే పుస్తకాలన్నీ అవమానంతో మొదలై ఓదార్పుతో ముగిస్తే, మన పిల్లకు తన జీవితంలో చెప్పుకోదగింది అవమానం ఒక్కటేనని అర్థమవుతుంది. మహాశ్వేతాదేవి 'వై వై గర్ల్'లో మొయినా అనే శబర పిల్ల ఉంది. మేకలు కాస్తుంది, దొరల ఇంట్లో పని చేస్తుంది, అడ్డమైనవన్నీ ఎందుకు అని అడుగుతుంది. నేను మేకలు తోలుకొచ్చేసరికి బడి అయిపోతే ఎట్లా, బడివేళే మార్చొచ్చుగా అని అడుగుతుంది. చివరికి అదే బడిలో పాఠం చెబుతుంది. ఆ పిల్ల మీద జాలి పుట్టదు, కాస్త భయం పుడుతుంది. అట్లాంటివి కావాలి.

మన దగ్గర లేవని కాదు. 2008లో హైదరాబాద్ అన్వేషి వాళ్ళు 'డిఫరెంట్ టేల్స్' అని ఒక వరస తెచ్చారు. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు, మూడు భాషల్లో. గోగు శ్యామల కథలో తాటకి గెలుస్తుంది. రామాయణంలో బాణం తగిలి చచ్చిన తాటకి కాదు, పల్లెలో పుట్టిన తాటకి. మహమ్మద్ ఖదీర్‌బాబు కథలో ఇంటికి తలకాయ వస్తుంది. ఒక ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండటం తప్ప వేరే ఏమీ జరగదు. అదే కథ. ఆ పుస్తకం నాకు ఒక స్నేహితురాలి ఇంట్లో అంచులు నలిగిన కాపీ దొరికింది. నేను చదువుతుంటే మా అమ్మ, "దుబ్బ మీద కాల్చారా, పొయ్యిలో కాల్చారా?" అని అడ్డం పడింది. తర్వాత పది నిమిషాలు తలకాయ ఎట్లా కాల్చాలో, వెంట్రుక వాసన ఎట్లా పోగొట్టాలో, మెదడు ఎవరికి పెట్టాలో చెప్పింది. పుస్తకం మూతపడిపోయింది. పైకి చదవడమంటే నా లెక్కలో అదే. పుస్తకం మూతపడి, మనిషి తెరుచుకోవడం. పప్పన్నం తప్ప కంచంలో ఇంకేదీ కనపడని పుస్తకాలతో ఇది జరగదు.

ఇంకో చిరాకు కూడా కక్కేస్తాను. మన బొమ్మల పుస్తకాల్లో చాలావాటి తెలుగు, నోటితో పలకడానికి రాసింది కాదు. "చింటూ ఆనందంతో ఉప్పొంగిపోయాడు" అని ఏ తల్లి పలుకుతుందండీ? కళ్ళతో చదివితే దొరకని దొంగతనం గొంతెత్తి చదివితే దొరుకుతుంది. అందుకే నేను మార్చి చదువుతాను. చింటూ మా పల్లె పేరైపోతాడు, ఉప్పొంగడం ఎగిరి గంతెయ్యడం అవుతుంది. తెలుగు లెక్చరర్‌ని, ఆ మాత్రం దిద్దుబాటు హక్కు నాకుంది.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న మన సభల దగ్గర పుస్తకాల బల్లలు పెడతాం. సంపుటాలుంటాయి, థీసిస్‌లుంటాయి, నా వ్యాసాలూ ఒక మూల ఉంటాయి. అమ్మ చంకలో కూర్చుని సభకు వచ్చిన నాలుగేళ్ళ పిల్ల చేతిలో పెట్టడానికి ఆ బల్ల మీద ఏమీ ఉండదు. ఆ పిల్లకు మనం కేటాయించిన పనల్లా, కోటు తొడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, అర్థంకాని ఉపన్యాసం బట్టీపట్టి మైకులో అప్పజెప్పడం. మేం చప్పట్లు కొడతాం, ఫొటోలు తీస్తాం. నేనూ కొట్టాను, తీశాను. ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్క పుస్తకమైనా పైకి చదివినవాళ్ళం మనలో ఎందరం? బోధించు, సమీకరించు, పోరాడు అని గోడల నిండా రాస్తాం. బోధించడం డిగ్రీలో మొదలవుతుందా?

మా పాపకు అంబేద్కర్ అంటే సెంటర్లో వేలు చూపించే కళ్ళజోడు తాత. పోయిన నెల తూలిక వాళ్ళు 2015లో వేసిన 'ది బాయ్ హూ ఆస్క్‌డ్ వై' తీశాను. సౌమ్య రాజేంద్రన్ రాసింది, సాత్విక్ గాదె బొమ్మలు. తాత చిన్నపిల్లాడిగా ఉండటమే దానికి పెద్ద వింత. పక్కనే 'భీమాయన' కూడా పెట్టుకున్నాను. 2011లో నవయాన వేసిన ఆ పుస్తకం పెద్దపిల్లలకు, కానీ దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేసిన పర్ధాన్ గోండు బొమ్మలు ఎవరికైనా. మంచి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది, కుట్టే మాటకు తేలు కొండి ఉంటుంది. పాప దాన్ని వెంటనే పట్టేసింది. నేను కాస్త గట్టిగా అరిస్తే "తేలు మాట మాట్లాడకమ్మా" అంటుంది.

బళ్ళో నీళ్ళ దగ్గరికొచ్చాం. భీముడు కుండ ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి పోస్తేనే తాగాలి, ప్యూను రాకపోతే దాహంతోనే ఉండాలి. పాప నన్ను ఆపింది.

"నీళ్ళెందుకియ్యలా?"

"వాళ్ళు మంచోళ్ళు కాదు."

"మనకిచ్చారా?"

పదిహేనేళ్ళుగా వేదికల మీద మాట్లాడుతున్నదాన్ని. దళిత సాహిత్యం మీద సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని. "పడుకో, పొద్దున్నే బడుంది" అని పుస్తకం మూసేశాను. లైటు కూడా ఆపేశాను. చీకట్లోంచి మా అమ్మ గొంతు వచ్చింది. "ఎత్తి పోసేవోళ్ళు. ఇట్టా దోసిలి పడితే, పైనించి."

మర్నాడు సాయంత్రం పెరట్లో పాప దోసిలి పట్టుకుని, "అమ్మమ్మా, పైనించి పొయ్యి" అని ఆట మొదలెట్టింది. మా అమ్మ ఆ పిల్లను ఎప్పుడూ గదమాయించదు. ఆ రోజు చేతిలోని మగ్గు విసిరికొట్టి, "ఆ ఆట వద్దు" అని అరిచింది. పాప ఏడ్చింది. అమ్మ లోపలికెళ్ళిపోయింది. నేను బట్టల తీగ కింద నిలబడ్డాను, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలీక.

మాకు కారంచేడు ఎంతో దూరం కాదు. 1985 జూలైలో అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. గేదెల్ని కడిగి నీళ్ళు పాడుచేస్తున్నారని అడిగినందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మా అమ్మకు అప్పుడు ఇరవై దాటలేదు. కాబట్టి పాప అడిగింది పుస్తకం గురించి కాదు, మా ఇంటి గురించే. ఐదేళ్ళ పిల్లకు చెరువు చూపించొచ్చు, బిందె ఎత్తిన సువార్తను చూపించొచ్చు, చూపించాలి కూడా. మర్నాటి సంగతికి ఇంకొన్నేళ్ళు ఆగుతాను. ఇది నా నిర్ణయం, సిద్ధాంతం కాదు. కాకపోతే ఇకమీద లైటు ఆపను. "మనకీ ఇయ్యలా" అని చెప్పాను, రెండు రోజులు ఆలస్యంగా. అమ్మ పక్కనే ఉంది. ఊకొట్టింది.

ఈ మధ్య మేం ముగ్గురం ఒక పుస్తకం చేస్తున్నాం. ఏటా నేను క్లాసులో జాషువా 'గబ్బిలం' చెబుతాను. 1941 నాటి కావ్యం. పిల్లలు పరీక్ష కోసం ప్రతిపదార్థాలు రాస్తారు. ఒకరోజు కరెంటు పోయి, పెరట్లో గబ్బిలాలు తిరుగుతుంటే ఆ కథ పాపకు చెప్పాను. తంజావూరులో ఒక అరుంధతీసుతుడు, మన పల్లెవాడే. తన ఆకలి సంగతి కాశీలో ఉన్న శివుడికి చెప్పమని పంపడానికి వాడికి ఏ హంసా దొరకలేదు, ఏ మేఘమూ దొరకలేదు. గుడిసెలో దీపం ఆర్పిన గబ్బిలం దొరికింది. చెబుతుంటే తెలిసొచ్చింది, ఇంత తయారుగా ఉన్న బొమ్మల పుస్తకం తెలుగులో ఇంకోటి లేదని. తలకిందులుగా వేలాడే కథానాయిక, రాత్రి ఆకాశం, కింద ఊళ్ళు, నదులు, గుళ్ళు, గుడిలోకి ఎవరూ ఆపకుండా ఎగిరిపోయే రెక్కలు. క్యాలెండర్ల వెనకవైపు వేస్తున్నాం. గబ్బిలం పాప వేసింది. గుడిసె మా అమ్మ వేసింది, జీవితంలో మొదటిసారి క్రేయాన్ పట్టుకుని. మనిషికి గోధుమరంగూ నలుపూ కలిపి రుద్దాం. స్కిన్ కలర్ పెట్టెలోనే ఉంది.

మొన్న రాత్రి కృష్ణ దాటించే పేజీ దగ్గర పాప ఆగింది. "అమ్మా, అంత దూరం పోతే దానికి దాహమేస్తదిగా. నీళ్ళెవరిస్తారు?"

నేను నోరు తెరిచేలోపు మా అమ్మ అందుకుంది. "దానికెవురూ ఇయ్యక్కర్లా. చెరువు మీదుగా ఎగురుకుంటా పోతా పోతా అదే తాగుద్ది."

ఆ పేజీ బొమ్మ ఇంకా వెయ్యాలి. గబ్బిలం నీళ్ళు తాగేటప్పుడు రెక్కలెట్లా పెడుతుందో చూడటానికి రేపు చీకటిపడే వేళకి చెరువుకట్టకు వెళ్తున్నాం.

జై భీమ్.